సీటు మీద ఇసుక బస్తా

పొలం చివర ట్రాక్టరు ఇంజను నడుస్తోంది, సీటులో మనిషి లేడు. మనిషికి బదులు ఒక ఇసుక బస్తా దర్జాగా కూర్చుని ఉంది, పడిపోకుండా నడుముకి తాడు కట్టించుకుని మరీ.

మెకానిక్కు ఆ సంగతి అల్లంత దూరం నుంచే కనిపెట్టింది. ఆ పెద్ద వ్యవసాయ కంపెనీలో ఉన్న పదకొండు ట్రాక్టర్లకీ ఆవిడే దిక్కు. డ్రైవర్లంతా, ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లతో సహా, ఆవిడని అక్కా అనే పిలుస్తారు. వాళ్లలో ఒక్కడు మాత్రం నిజంగానే తమ్ముడు. ఆ బండి వాడిదే.

పనిముట్ల సంచీ గట్టు మీద పారేసి పరిగెత్తింది. దుక్కిలో పరుగంటే మాటలు కాదు, రెండుసార్లు బోర్లా పడబోయి తమాయించుకుంది. దగ్గరికొచ్చేసరికి తమ్ముడు బండి వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, మట్టి గుల్ల చేసే రోటవేటరు బ్లేడ్ల మధ్యకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, చుట్టుకుపోయిన గడ్డి పీకుతున్నాడు. బ్లేడ్లు ఆగే ఉన్నాయి, కాదనడానికి లేదు. కానీ వాటిని ఆపి ఉంచింది ఒకే ఒక్క లీవరు. దాని గాడి అరిగిపోయింది, ఇంజను అదురుకి దానంతటదే ముందుకి జారుతోంది, కొత్తది తెప్పించండి మహాప్రభో అని ఆవిడ రెండు నెలలుగా మొత్తుకుంటోంది.

కేక వేస్తే వాడు ఉలిక్కిపడతాడు. అందుకని చప్పుడు చెయ్యకుండా బండెక్కి, తాడు తెంపి, బస్తాని కాలితో ఒక్క తన్ను తన్నింది. బస్తా దబ్బున కిందపడింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

తమ్ముడు తలెత్తి చూసి విసుక్కున్నాడు. "అబ్బా, అక్కా! ఇంకో రెండు నిమిషాల్లో అయిపోయేది కదా."

 ఆవిడ బండి దిగి, దుక్కిలోనే వాడి పక్కన కూర్చుంది. వాడి చెయ్యి లాక్కుని మోచేతి నుంచి వేళ్ల దాకా తడిమి చూసుకుంది, ఐదు వేళ్లూ ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నట్టు.  ఇక వాడికి ఆ పూట పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయడానికి కుదరదు.

ఆ బస్తా సంగతి కాస్త చెప్పాలి. ట్రాక్టరు సీటు కింద అగ్గిపెట్టంత స్విచ్చి ఒకటి ఉంటుంది. మనిషి కూర్చుంటే బరువుకి నొక్కుకుంటుంది, ఇంజను నడుస్తుంది. మనిషి లేస్తే స్విచ్చీ లేస్తుంది, ఇంజను ఆగిపోతుంది. డ్రైవర్లకి దాన్ని చూస్తే ఒళ్లు మంట. గడ్డల మీద బండి ఎగిరిపడ్డప్పుడల్లా సీటు ఎగురుతుంది, ఇంజను ఆగుతుంది, మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. చాలుకి పదిసార్లు ఇదే బాగోతం. అందుకని తమ్ముడు అరబస్తా ఇసుక సీటు మీద కట్టి, దాని మీద కూర్చుని తోలడం మొదలుపెట్టాడు. ఇద్దరి బరువుకి స్విచ్చి నోరెత్తలేదు. వాడు దిగినా బస్తా దిగదు కాబట్టి ఇంజనూ ఆగదు. షెడ్డులో దానికి 'డ్రైవరుగారు' అని పేరు కూడా పెట్టారు. పొద్దున్నే దాన్ని పలకరించి, కులాసాగా ఉన్నారా అని అడిగేవాళ్లట. ఆవిడకి తప్ప అందరికీ తెలుసు.

ఇంజను ఆగిపోతోందన్న మొర ఆవిడ చెవిన పడకపోలేదు. పడిన ప్రతిసారీ తనే ఎక్కి, అదే పొలంలో నాలుగు చాళ్లు తోలి చూసింది. ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకని అవన్నీ పని ఎగ్గొట్టే వేషాలని కొట్టిపారేసింది. ఆ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అందులో ఆవిడ తప్పుంది.

ఆ మధ్యాహ్నమే బస్తాని భుజాన వేసుకుని ఆఫీసుకెళ్లి, మేనేజరు బల్ల మీద దించింది. బల్ల మీద ఉన్న టీ గ్లాసు ఒలికింది. జరిగింది జరిగినట్టు చెప్పి, లీవర్లు మార్పించమని, బస్తాలు పెడితే ఊరుకోనని డ్రైవర్లకి గట్టిగా చెప్పమని అడిగింది.

మేనేజరు మంచి మాటకారి. ఎదుటివాళ్ల మాటలోంచే తనకి కావలసింది లాక్కోగలడు. ఒలికిన టీ తుడుచుకుంటూ అంతా విని, కుర్రాడిది బుర్రంటే బుర్ర అని మెచ్చుకున్నాడు. బస్తాలు మొయ్యడం దేనికి, అసలు స్విచ్చే లేకుండా చేస్తే పోతుంది కదా అన్నాడు. వైరుముక్క ఒకటి అడ్డంగా కలిపితే సీటులో మనిషి ఉన్నాడో లేడో ఇంజనుకి తెలియదు. విత్తనం వేసే పదును పది రోజులకి మించి ఉండదు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా పదకొండు బండ్లకీ ఆ పని అయిపోవాలన్నాడు.

"నేను చెయ్యను," అంది ఆవిడ.

"విమానం ఉంది మన దగ్గర. ఆకాశంలో ఎగురుతుంది. పైలట్ సీటు కింద అలాంటి స్విచ్చి ఉందా? నేను ఎక్కి చూశాను, లేదు. గాల్లో ఎగిరేదానికి లేని జాగ్రత్త, నేల మీద పాకేదానికెందుకమ్మా?"

 మేనేజరు ఇంకాస్త మెత్తగా, నీకు చేతకాకపోతే విమానం మెకానిక్కుతో చేయిస్తాను, శుక్రవారం తరవాత ట్రాక్టర్ల పని కూడా అతనే చూసుకుంటాడు అన్నాడు. అంటే ఉద్యోగం ఊడినట్టే. ఉద్యోగం పోతే పోయింది, ఇంకో షెడ్డు చూసుకోవచ్చు. వాడి చెయ్యి పోతే ఇంకో చెయ్యి ఎక్కడ చూసుకోవాలి? ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది. దారంతా పళ్లు కొరుక్కుంటూ విమానం షెడ్డుకి నడిచింది.

మందు చల్లే ఆ చిన్న విమానాన్ని చూసుకునేవాడు పరాయివాడేం కాదు, ఆవిడ మేనత్త కొడుకు. అందరికీ 'విమానం బావ'. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ పోట్లాటే. ట్రాక్టర్ల మెకానిక్కంటే కమ్మరి కిందే లెక్క అంటాడతను. ఏడాదికి నలభై రోజులు ఎగిరే ఒక్క యంత్రానికి మూడువందల రోజులు తుడుపు పని చేసేవాణ్ణి మెకానిక్కు అనరని ఆవిడ అంటుంది.

ఆవిడ వెళ్లేసరికి ఇంజను మూత తీసి ఉంది. సన్నటి వైర్లు రెండు ఊడి వేలాడుతున్నాయి. బావ అవతల బల్ల దగ్గర ఏదో వెతుక్కుంటున్నాడు. మేనేజరు ఫోను అప్పుడే వచ్చిందట. పావుగంట పనికి ఇంత రాద్ధాంతమేమిటి మరదలా, ఆర్డరు ఆర్డరే కదా, నడిచే ఇంజను మధ్యలో ఆగడం ఎవరికి మంచిది అని వెనక్కి తిరగకుండానే సాగదీస్తున్నాడు. అతనితో మొహం మీదే మాట్లాడదామని ఆవిడ ముందుకి నడిచింది. దారికడ్డంగా ప్రొపెల్లరు రెక్క ఉంది. దానికో ఎర్రగుడ్డ కట్టి ఉంది. ట్రాక్టరు షెడ్డులో ఎర్రగుడ్డంటే చేతులు తుడుచుకునేది. స్విచ్చి వైర్లు ఊడి ఉన్నాయి కాబట్టి ఇంజను చచ్చినట్టే. రెక్కని పక్కకి తిప్పుదామని రెండు చేతులూ వేసింది.

బావ ఎలా వచ్చాడో తెలియదు. నడుం పట్టుకుని ఆవిడని వెనక్కి ఈడ్చేశాడు. ఇద్దరూ నూనె డబ్బాల మీద పడ్డారు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"వైరు ఊడి ఉంది కదా బావా," అంది ఆవిడ, మోచెయ్యి రాసుకుంటూ.

"ఊడి ఉంది కాబట్టే! ఊడి ఉంటేనే ఇది బతికున్నట్టు. నువ్వు సగం చుట్టు తిప్పితే చాలు, అంటుకుని నీ తల తీసుకుపోయేది."

అప్పుడు చెప్పాడు. ఈ ఇంజనుకి నిప్పురవ్వ బ్యాటరీ నుంచి రాదు, తిరుగుతూ తనే పుట్టించుకుంటుంది. స్విచ్చి పనల్లా దాన్ని ఆపడం ఒక్కటే. వైరు తెగిపోతే ఇక ఆపేవాడు లేడన్నమాట. కావాలనే అలా కట్టారు. గాల్లో ఉండగా ఏ వైరు తెగినా ఇంజను నడుస్తూనే ఉండాలి, లేకపోతే పైనున్నవాడి పని అయిపోతుంది. దానివల్ల కింద ఉన్నవాడికి ప్రమాదమే, అందుకే ఎర్రగుడ్డ కట్టి, ఎవరూ ముట్టుకోకుండా చూసుకుంటారు.

ఆవిడ తన చేతులు చూసుకుంది.  పదహారేళ్లుగా వైరు పీకితే ఇంజను ఆగడమే చూసిన చేతులు అవి. పొద్దున తమ్ముణ్ణి తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తనకి తగిలాయి. వాడూ అంతే, అలవాటైన చోట నమ్మకంగా చెయ్యి పెట్టాడు.

"మరి నా ట్రాక్టర్లో వైరు తెగితే ఇంజను ఎందుకు ఆగుతుంది బావా?" అని అడిగింది, జవాబు అప్పటికే దొరికినా.

బావ చెప్పేలోపే తనే అందుకుంది.

"పైన ఇంజను ఆగితే మనిషి పోతాడు. కింద ఆగకపోతే పోతాడు. నీ యంత్రాన్ని కట్టినవాడూ తెలివైనవాడే, నా యంత్రాన్ని కట్టినవాడూ తెలివైనవాడే. మన మేనేజరే ఇద్దరికీ నీతులు చెబుతున్నాడు."

బావ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. బల్ల దగ్గరికెళ్లి ఎర్ర అట్ట పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఊడదీసిన రెండు వైర్ల సంగతి, టైము, కింద సంతకం. విమానం మీద ఏ మర కదిపినా అందులో రాయాలి. కదిపినవాడు సంతకం పెట్టాలి, సరిచూసినవాడు పెట్టాలి. ఆవిడ భుజం మీంచి తొంగిచూసింది. ఒక గడిలో పైలట్ బరువు రాసి ఉంది. మనిషి బరువు ఎందుకని అడిగితే, సీటులో కూర్చునేవాడు ఎంత బరువో తెలియకుండా విమానాన్ని లేపరు, అదే మొదటి లెక్క అన్నాడు.

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. ఆవిడ మనిషి దిట్టంగా ఉంటుంది, డెబ్బై ఎనిమిది కిలోలు. తమ్ముడు ఎండు కట్టెపుల్ల, యాభై దాటడు. డ్రైవర్లలో సగం మంది అంతే. తను ఎక్కి తోలితే ఒక్కసారి కూడా ఆగని బండి వాళ్లకి ఎందుకు ఆగుతోందో ఇన్నేళ్లలో ఒక్కసారి ఆలోచించలేదు. వాళ్లు అబద్ధాలాడుతున్నారంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఒక్క అంగలో ట్రాక్టరు షెడ్డుకొచ్చి పడింది. తమ్ముడి బండి సీటు కింద దూరి, ఏళ్లనాటి మట్టి గోకితే, తుప్పు పట్టిన గుండ్రటి మర బయటపడింది. సీటు స్ప్రింగుని మనిషి బరువుకి తగ్గట్టు బిగించడానికీ, వదులు చెయ్యడానికీ పెట్టిన మర. ఎవడో ఎప్పుడో లావుపాటి మనిషికని బిగించి వదిలేశాడు. సన్నటివాడు కూర్చుంటే సీటు సగమే దిగుతుంది, స్విచ్చి అరకొరగా నొక్కుకుంటుంది, కాస్త కుదిపితే చాలు, లేస్తుంది. తప్పు స్విచ్చిది కాదు, డ్రైవర్లదీ కాదు. చూడాల్సినవాళ్లు చూడలేదు. చూడాల్సింది తనే.

రెండు రోజులు ఆవిడ వేరే పని ముట్టుకోలేదు. కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి, అలిగినవాళ్లని బుజ్జగించినట్టు బుజ్జగించి పదకొండు మరలూ కదిపింది. ధాన్యం తూచే కాటా మీద డ్రైవర్లని ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి, బరువు చూసి, ఎవరి సీటు వాళ్లకి సరిచేసింది. ఇన్నాళ్లూ మీ మాట నమ్మలేదు, తప్పు నాదే అని అందరి ముందూ చెప్పింది. ఆ మాట చెప్పడం మరలు విప్పడంకంటే కష్టమైంది. గురువారం సాయంత్రం తమ్ముడు బస్తా లేకుండా ఎక్కి, గడ్డల్లో ఆరు చాళ్లు తోలాడు. బండి తెగ ఎగిరింది గానీ ఒక్కసారీ ఆగలేదు. వాడు దిగి, పర్వాలేదు అని మాత్రం అన్నాడు. పొగడటం వాడి ఒంట్లో లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. వెనకాల బావ, అతని చొక్కా జేబులో కత్తిరించిన వైరుముక్కలు పదకొండు. డ్రైవర్లు షెడ్డు ముందు గుమిగూడారు. ఆవిడ సీట్లు సరిచేసిన సంగతి చెప్పింది. మేనేజరు సగం విని చెయ్యి ఊపేశాడు. ఎగిరినప్పుడు ఆగకపోతే సంతోషమే, కానీ గడ్డి తియ్యడానికి దిగినప్పుడల్లా ఆగుతుంది కదా, ఆ టైము ఎవరిస్తారు అన్నాడు. స్విచ్చి పోవాల్సిందే.

ఆవిడ తమ్ముడి బండి మూత మీద కొత్త నోటుపుస్తకం తెరిచి పెట్టింది. గీతలు గీసి ఉన్నాయి. బండి నంబరు, చేసిన పని, చెయ్యమన్నవారి సంతకం, చేసినవారి సంతకం, ఆ సీటులో కూర్చునేవాడి సంతకం.

"ఇది బావ దగ్గర నేర్చుకున్నాను. విమానం సంగతి మీరే ఎత్తారు కదా, ఆ పద్ధతిలోనే చేద్దాం. మనిషి దిగినా ఇంజను ఆగకుండా చెయ్యమన్నానని మీరు రాయండి. చేశానని బావ రాస్తాడు. నేను అడ్డం రాను."

మేనేజరు నవ్వి, ట్రాక్టర్లకి పుస్తకాలేమిటని బావ వైపు సైగ చేశాడు. బావ పుస్తకం దగ్గరికొచ్చాడు. పెన్ను తీశాడు. గడులన్నీ చదివాడు, మళ్లీ చదివాడు. పెన్ను మూత పెట్టేశాడు.

"రక్షణ స్విచ్చిని పనిచెయ్యకుండా చేశానని నా చేత్తో రాస్తే, రేపు విమానం మీద నా సంతకం పైలట్ నమ్మడండీ," అని, జేబులోంచి వైరుముక్కలు తీసి పుస్తకం పక్కన పెట్టాడు. "రాయకుండా చేసే అలవాటు నాకు లేదు."

మేనేజరు మొహం కందగడ్డయింది. ఎవరో ఒకరు బయటినుంచి వస్తారు, సాయంత్రానికి చేయిస్తాను అన్నాడు. జాగ్రత్త తెలిసిన డ్రైవరుకి నడిచే ఇంజను వెనకాల పని చెయ్యడం పెద్ద విషయం కాదన్నాడు. ఆవిడ చెడగొట్టి పిరికివాళ్లని చేస్తోంది గానీ, లీవరు వెనక్కి లాగాక భయమేమిటన్నాడు.

 ఆవిడ, ఆఫీసు నుంచి తిరిగొచ్చి మూల పడి ఉన్న డ్రైవరుగారిని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టింది. ఇంజను స్టార్ట్ చేసి, లీవరు వెనక్కి లాగి, తాళంచెవి మీద చెయ్యి వేసి పక్కన నిలబడింది. బ్లేడ్లు కదలడం లేదు. వాటికి నిన్నటి గడ్డి చుట్టుకుని ఉంది. లీవరు మాత్రం అందరి కళ్లెదుటా సన్నగా వణుకుతోంది.

"లీవరు వెనక్కి లాగానండీ. సీటులో మనిషి కూడా ఉన్నారు. ఒక్క గుప్పెడు గడ్డి తీసివ్వండి. మీరు తీస్తే నేనే పదకొండు వైర్లూ కలిపేస్తాను."

 మేనేజరు బ్లేడ్ల వైపు చూశాడు. బస్తా వైపు చూశాడు.  తెలియకుండానే కుడికాలు వెనక్కి పడింది.

ఒక్క అడుగే. దాన్ని పదకొండు మంది డ్రైవర్లూ చూశారు.

ఆవిడ బస్తాని తోసేసింది. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనక్కి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి దూర్చి గడ్డంతా లాగి మేనేజరు బూట్ల దగ్గర పడేసింది.

"రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"సరేనండీ. అదీ ఇందులోనే రాయండి. స్విచ్చి తియ్యనన్నందుకు తీసేశానని రాసి, సంతకం పెట్టండి." పెన్ను ముందుకి చాచింది.

చాచిన పెన్ను అలాగే ఉండిపోయింది. మేనేజరు ఫోను చూసుకుంటూ, ఏదో పని గుర్తొచ్చినవాడిలా ఆఫీసు వైపు నడిచాడు. ఆ పెన్ను తమ్ముడు అందుకున్నాడు. నాలుగు అక్షరాలు రాయాలంటే నాలికతో సహా పనిచేసే రకం వాడు. మొదటి వరసలో మెల్లగా రాశాడు: సీటు నా బరువుకి సరిచేశారు. నేను లేస్తే ఇంజను ఆగుతోంది. కింద సంతకం పెట్టి, పెన్ను వెనకవాడికిచ్చాడు.

మర్నాడు ఆవిడ మామూలు వేళకే పనిలోకి వచ్చింది. రావద్దన్న కాగితం ఎవరూ చూపించలేదు. ఆ రోజూ, ఆ తరవాతా. బయటినుంచి వస్తాడన్నవాడు రాలేదు. కొత్త లీవర్లు మాత్రం మూడో రోజున, ఎవరు తెప్పించారో చెప్పకుండా, షెడ్డు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాయి. డ్రైవరుగారు షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా కాపలా ఉద్యోగంలో చేరారు.

విత్తనం రోజుల్లో పొలం మీద పదకొండు ఇంజన్ల మోత. ఆవిడ షెడ్డులో కూర్చునే వాటిలో తమ్ముడి బండి మోతని విడిగా పట్టుకోగలదు. ఆ మోత ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగిందంటే వాడు దిగాడు, వాడి చెయ్యి బ్లేడ్ల మధ్య ఉంది. చేతిలో ఉన్న పానా పట్టుకుని ఆవిడ అలాగే వింటుంది. కాసేపటికి బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది. వాడు సీటులో కూర్చున్నాడన్నమాట, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయన్నమాట. అప్పుడు ఆవిడ తన పని చేసుకుంటుంది.